సామర్లకోట చెరకు తోట నేర్పిన చదువు

మన సంఘం నెలవారీ సమావేశాలకు వచ్చే మిత్రులు ఈ మధ్య నన్ను తరచు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మా మనవరాలికి మెడిసిన్ సీటు వచ్చేలా లేదండీ. అగ్రికల్చర్ బి.యస్సీ. వస్తుందంటున్నారు. చేర్పించమంటారా? ఆ చదువుకు ఉద్యోగాలున్నాయా?" వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నన్ను అడగడం సహజమే. "చేర్పించండి" అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కాని ఈ చదువు దేనికోసం పుట్టిందో తెలియకుండా, దాని వలన ఏం దొరుకుతుందో లెక్క వేయడం సరికాదని నా అభిప్రాయం. అది తెలుసుకోవడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. భీమేశ్వరస్వామి ఆలయానికీ, రైల్వే జంక్షనుకూ పేరుపడిన మన సామర్లకోటకు ఈ విషయంలో నూట ఇరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరగా, ఆ చరిత్రనే నాకు తెలిసినంత మేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

చెరకుకు వచ్చిన ఆపద

కాటన్ దొరగారి ఆధ్వర్యాన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. కాలువల నీరు వచ్చాక డెల్టాలో వరితో పాటు చెరకు కూడా బాగా పెరిగింది. చెరకు డబ్బు పంట. బెల్లం అమ్మితే రొక్కం చేతికి వచ్చేది. ఆడపిల్ల పెళ్ళయినా, కొత్త ఇల్లయినా చెరకు మీద ఆధారపడి చేసుకున్న కుటుంబాలు ఎన్నో.

అటువంటి పంటకు పంతొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాలలో పెద్ద తెగులు తగిలింది. పైకి గడ ఏపుగానే కనిపిస్తుంది. మూడో ఆకో నాలుగో ఆకో పసుపు రంగుకు తిరుగుతుంది. గడను నిలువునా చీల్చి చూస్తే లోపల ఎర్రబారి ఉంటుంది. ఆ ఎరుపులో అడ్డంగా తెల్లని మచ్చలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన. ఆ గడలతో బెల్లం వండితే పాకం కట్టదు. ఇదే ఎర్రకుళ్ళు తెగులు. తోటలకు తోటలే పోతుంటే రైతులు చెరకు వేయడానికే వెనుకాడే పరిస్థితి వచ్చింది.

అప్పటి మద్రాసు ప్రభుత్వంలో సి.ఎ.బార్బర్ అనే వృక్షశాస్త్రవేత్త 1898 నుంచి ప్రభుత్వ బొటానిస్టుగా ఉండేవారు. ఆయన గోదావరి, గంజాం జిల్లాల చెరకు తెగుళ్ళను పరిశీలించి 1901లో నివేదిక ప్రకటించారు. ఆ మరుసటి ఏడు, అంటే 1902లో, ఈ తెగులుకు విరుగుడు వెతకడం కోసమే సామర్లకోటలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. మనవాళ్ళు దానిని ఈనాటికీ "ఫారం" అనే పిలుస్తారు.

ఆ ఫారంలో జరిగిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. వేరు వేరు ప్రాంతాల నుంచి చెరకు రకాలు తెప్పించి పక్కపక్క మళ్ళలో నాటారు. ఏది తెగులుకు లొంగిపోతోంది, ఏది తట్టుకుంటోంది అని వ్రాసుకున్నారు. ఆ విధంగా తట్టుకొని నిలబడిన వాటిలో ముఖ్యమైనది మారిషస్ నుంచి వచ్చిన ఎర్ర చెరకు, రెడ్ మారిషస్. ఆ రకం డెల్టాలో వ్యాపించి చెరకు సాగును తిరిగి నిలబెట్టింది. రకంతో పాటు కొన్ని పద్ధతులు కూడా రైతులకు అందాయి. ఈ తెగులు ముఖ్యంగా ముచ్చెల ద్వారానే ఒక తోట నుంచి మరొక తోటకు పోతుంది. కనుక ముచ్చె కోసేటప్పుడు కోసిన చోట ఎర్రగా కనిపిస్తే పారవేయాలి. తెగులు సోకిన తోటను కార్శికి ఉంచకూడదు. ఆ చేలో ఒక పంట వరి వేసిన తరువాతనే మళ్ళీ చెరకు వేయాలి. ఈ సలహాలన్నీ మేము రైతులకు చెప్పినవే. ఇప్పటికీ చెబుతున్నవే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బార్బర్ గారు తరువాత 1912లో కోయంబత్తూరులో ఏర్పడిన చెరకు ప్రజనన కేంద్రానికి బాధ్యులయ్యారు. అక్కడ ఆయన, ఆయన తరువాత టి.ఎస్.వెంకట్రామన్ గారు కలిసి మంచి చెరకును అడవి రెల్లు జాతితో సంకరం చేశారు. అలా పుట్టిన కో.205 రకం 1918లో విడుదలై ఉత్తర భారతంలో చెరకు సాగు రూపురేఖలనే మార్చింది. కోయంబత్తూరు చెరకు రకాలు ప్రపంచమంతా తెలుసు. కాని ఆ కేంద్రానికి తొలి బాధ్యులైన శాస్త్రవేత్త మన గోదావరి చేల గట్ల మీద నడిచి, కుళ్ళిన గడలను చీల్చి చూసి అక్కడకు వెళ్ళారని మనలో చాలామందికి తెలియదు.

కనుక వ్యవసాయ శాస్త్రం మన ఊరికి ఒక ఉద్యోగంగా రాలేదు, ఒక ఆపదకు జవాబుగా వచ్చింది. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

సైదాపేట, కోయంబత్తూరు, బాపట్ల

ఇటువంటి క్షేత్రాలు నడవాలంటే చదువుకున్న మనుషులు కావాలి గదా. మద్రాసు రాజధానిలో వ్యవసాయ విద్య 1876లో సైదాపేట పాఠశాలతో మొదలయింది. తరువాత అది కోయంబత్తూరుకు మారి కళాశాల అయింది. 1920లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం కావడంతో వ్యవసాయంలో పట్టం తీసుకునే వీలు కలిగింది. మన సర్కారు జిల్లాల కుర్రవాళ్ళు అప్పట్లో మద్రాసు మెయిలు ఎక్కి అక్కడ నుంచి ఇంకా దక్షిణానికి పోయి చదువుకోవలసి వచ్చేది. భాష వేరు, తిండి వేరు. అందువలన భూములున్న ఇళ్ళలో సైతం పిల్లలను ప్లీడరీకో, రెవెన్యూ ఉద్యోగానికో పంపేవారు గాని ఈ చదువుకు పంపడం అరుదు. "దున్నడానికి చదువెందుకురా?" అన్న ప్రశ్న మా తరం దాకా వినిపిస్తూనే ఉండేది.

ఆ దూరం 1945లో తగ్గింది. ఆ సంవత్సరం జూలైలో బాపట్లలో వ్యవసాయ కళాశాల మొదలయింది. తెలుగుదేశంలో కోస్తా పిల్లలకు అది గొప్ప వరం. నేను 1960లో అక్కడ చేరేనాటికి కళాశాల ఆంధ్ర విశ్వవిద్యాలయం క్రింద ఉండేది. ఒక్కొక్క విద్యార్థికి చిన్న మడి ఇచ్చేవారు. దుక్కి నుంచి కోత వరకు ఆ మడి పని మనదే. నాగలి పట్టడం, ఎద్దులను కట్టడం, నీరు పెట్టడం, దిగుబడి తూకం వేసి రికార్డులో వ్రాయడం అన్నీ మార్కులలో భాగమే. పట్నం నుంచి వచ్చిన కుర్రవాడు కొండ్ర వంకరగా తోలితే పక్క మడిలో రైతుబిడ్డ నవ్వేవాడు. రసాయన శాస్త్రం పరీక్ష వచ్చేసరికి ఆ నవ్వు అటుదిటు అయ్యేది. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు.

1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1965 మార్చిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు దానిని ప్రారంభించారు. బోధన, పరిశోధన, విస్తరణ ఈ మూడూ ఒకే గొడుగు క్రింద ఉండాలన్నది అమెరికాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాల పద్ధతి. కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం సహకారంతో ఆ పద్ధతి ఇక్కడకు వచ్చింది. 1996లో దీనికి ఆచార్య ఎన్.జి.రంగా గారి పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత మన విశ్వవిద్యాలయానికి గుంటూరు దగ్గరి లాం కేంద్రమయింది. 2007లో వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో మన రాజమహేంద్రవరంలోనే వ్యవసాయ కళాశాల వచ్చింది. ఒకప్పుడు కోయంబత్తూరు దాకా పోయిన చదువు ఇప్పుడు గంటన్నర బస్సు ప్రయాణంలో ఉన్నది.

సంచి మీద అక్షరాలు

విత్తనాల సంచి మీద పేరుకు ముందు కొన్ని అక్షరాలు, తరువాత ఒక అంకె ఉంటాయి. ఆ అక్షరాలు ఊరి పేర్లు. ఎం.టి.యు. అంటే పశ్చిమ గోదావరిలోని మారుటేరు. బి.పి.టి. అంటే బాపట్ల. వెనుకటి వరి రకాలలో ఎస్.ఎల్.ఓ. అని కనిపించేది. అది మన సామర్లకోట. చెరకు కోసం మొదలైన క్షేత్రం తరువాత వరిలో కూడా రకాలు ఇచ్చిందనడానికి ఆ మూడు అక్షరాలే గుర్తు.

1925లో మొదలైన మారుటేరు వరి పరిశోధనా కేంద్రానికి 2025తో నూరేళ్ళు నిండాయి. అక్కడ వశిష్ట, మసూరి రకాలను సంకరపరచి తయారు చేసిన ఎం.టి.యు.7029 రకం 1982లో విడుదలయింది. అదే స్వర్ణ. ఒరిస్సా, బెంగాలు, ఛత్తీస్‌గఢ్ దాటి బంగ్లాదేశ్ వరకు రైతులు దానిని చేతి నుంచి చేతికి తీసుకుపోయారు. వరద ముంపుకు రెండు వారాల వరకు తట్టుకునే స్వర్ణ సబ్-1 రకం కూడా దాని నుంచే వచ్చి 2009లో విడుదలయింది. ఇక మన ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వండే సాంబమసూరి బాపట్లలో తయారై 1986లో విడుదలైన బి.పి.టి.5204.

ఈ రకాల వెనుక ఉన్నవారు వ్యవసాయ కళాశాలలలో చదువుకున్నవారే. మోకాటి లోతు బురదలో, చేతిలో చిన్న కత్తెర, కాగితపు సంచులు పట్టుకొని, పూత సమయంలో ఎండ ముదరకముందే సంకరాలు చేసినవారు. ఒక రకం తయారు కావడానికి పదేళ్ళ పైన పడుతుంది. కొందరు తాము మొదలుపెట్టిన సంకరం ఫలితం చూడకుండానే రిటైరయ్యారు. కోట్ల మంది తిన్న బియ్యం వెనుక పేరు లేకుండా ఉండిపోయిన ఉద్యోగులు మన పెన్షనర్లలోనూ ఉన్నారు.

గ్రామసేవకులు, ఐ.ఆర్.8

ఫారంలో తేలిన సంగతి పొలానికి చేరడానికి మరొక రకం మనిషి కావాలి. 1952 అక్టోబరు 2న దేశంలో 55 సమష్టి అభివృద్ధి ప్రాజెక్టులు మొదలైనప్పుడు కాకినాడ-పెద్దాపురం ప్రాంతం వాటిలో ఒకటి. దానికి కావలసిన గ్రామసేవకులను తయారుచేసే పని కూడా సామర్లకోటకు వచ్చింది. ఇక్కడి విస్తరణ శిక్షణ కేంద్రంలో శిక్షణ పొంది సైకిలు మీద ఊళ్ళు తిరిగినవారు మన సంఘంలో ఎందరో ఉన్నారు. విత్తనశుద్ధి దగ్గర నుంచి మరుగుదొడ్డి గుంట దాకా అన్నీ ఆయనే చెప్పాలి. 1960-61లో దేశంలో ఏడు జిల్లాలలో మొదలైన ప్యాకేజీ కార్యక్రమానికి మన రాష్ట్రం నుంచి పశ్చిమ గోదావరిని ఎంపిక చేశారు. విత్తనం, ఎరువు, అప్పు, సలహా ఈ నాలుగూ ఒకేసారి రైతుకు అందించడం దాని ఉద్దేశం.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులలో ఐ.ఆర్.8 వచ్చింది. 1966 చివరలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ విడుదల చేసిన పొట్టి వరి అది. మన పాత రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే పొడవుగా పెరిగి పడిపోయేవి. ఇది పొట్టిది కనుక ఎరువు తిని నిలబడి గింజ ఇచ్చేది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దానిని పండించి, విత్తనం ఇతర ప్రాంతాలకు అందించి "మిస్టర్ ఐ.ఆర్.8" అని పేరు తెచ్చుకున్నారు.

అయితే అందరూ వెంటనే ఒప్పుకోలేదు. ఒక పెద్ద రైతు నన్ను చేను గట్టు మీద నిలబెట్టి, "గింజలు మీరు లెక్కపెట్టారండీ, బానే ఉంది. గడ్డి మాటేమిటండీ? నా పశువులకు మీ శాఖ ఏం పెడుతుందండీ?" అని అడిగారు. ఇంట్లో ఆడవారు అన్నం ముద్దగా ఉంటోందన్నారు. ఆ ప్రశ్నలకు జవాబు నా పాఠ్య పుస్తకాలలో లేదు. తరువాత, ఎరువు ఎక్కువ వేసి దగ్గర దగ్గరగా నాటిన చేలలో సుడిదోమ పట్టి చేలు గుండ్రంగా మాడిపోవడం చూశాము. అప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని చెప్పడం మొదలయింది. దోమను తట్టుకునే చైతన్య, కృష్ణవేణి వంటి రకాలు మారుటేరు నుంచి వచ్చాయి. రైతు వేసిన ప్రశ్న ఫారానికి పోవాలి, ఫారం ఇచ్చిన జవాబు రైతుకు రావాలి. ఈ రాకపోకలు ఆగిన చోట మా చదువు కాగితం మీద మిగిలిపోతుంది.

ఈ చదువుతో ఏ ఉద్యోగాలు?

మా రోజులలో దారులు తక్కువ. వ్యవసాయ శాఖ, పరిశోధనా కేంద్రం, కళాశాలలో బోధన, అంతే. 1969లో బ్యాంకుల జాతీయకరణ తరువాత వ్యవసాయ రుణాల కోసం బ్యాంకులు మా పట్టభద్రులను ఫీల్డు ఆఫీసర్లుగా తీసుకున్నాయి. 1965లో ఆహార సంస్థ, 1976లో రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థ, 1982లో నాబార్డు వచ్చాయి. ఎరువుల, పురుగుమందుల, విత్తనాల కంపెనీలు వచ్చాయి. మన కాకినాడలోనే ఎరువుల కర్మాగారాలు వచ్చి కొంతమందికి జీవనం చూపాయి. రాజమండ్రిలో 1947లో ఏర్పడిన పొగాకు పరిశోధనా సంస్థ, అంబాజీపేట కొబ్బరి పరిశోధనా కేంద్రం, అనకాపల్లి చెరకు పరిశోధనా కేంద్రం వంటివి పరిశోధన మీద ఇష్టమున్న వారికి దారి చూపాయి.

ఎంత దూరం పోవచ్చునో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. పశ్చిమ గోదావరి జిల్లా పేరుపాలెంలో పుట్టిన డా. ఎం.వి.రావు గారు దేశంలో గోధుమ పరిశోధనకు సమన్వయకర్తగా పనిచేశారు. 1986లో మొదలైన నూనెగింజల సాంకేతిక మిషన్‌ను నడిపించారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1999లో పద్మశ్రీ అందుకున్నారు. వరి జిల్లా బిడ్డ గోధుమకు పెద్ద దిక్కు కావడం మనకు గర్వకారణం.

నేటి పిల్లలకు దారులు ఇలా ఉన్నాయి. ఇంటరులో బై.పి.సి. చదివి, ఎంసెట్ అని మనం పిలుచుకున్న, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంటే నాలుగేళ్ళ బి.యస్సీ. (ఆనర్స్) అగ్రికల్చర్‌లో చేరవచ్చు. రైతుల పిల్లలకు కొన్ని సీట్లు ప్రత్యేకంగా ఉంటాయి. పదవ తరగతి తరువాత రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా కూడా ఉన్నది. డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ వ్రాసి డిగ్రీలోకి పోవచ్చు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలు చాలామందికి దొరికాయి. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారినవి వారి పని చోట్లు. ఎం.యస్సీ., పిహెచ్.డి. చేసి అఖిల భారత స్థాయి వ్యవసాయ పరిశోధనా సర్వీసు పరీక్ష వ్రాయవచ్చు. బ్యాంకులలో వ్యవసాయ అధికారి పోస్టులు ఉన్నాయి. గ్రూపు పరీక్షలు, సివిల్ సర్వీసులు వ్రాసేవారూ ఉన్నారు. కడియం నర్సరీలు చూసినవారికి మొక్కల వ్యాపారం ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు. మా తరగతిలో ఆడపిల్లలు కనిపించేవారు కాదు. ఇప్పుడు పెద్ద సంఖ్యలో చదివి, బంగారు పతకాలు తీసుకుంటున్నారు.

చెప్పవలసిన మరో మాట

అన్నీ మంచి మాటలే చెప్పి ఊరుకోవడం పెద్దవారి లక్షణం కాదు. డిగ్రీ చేతికి వచ్చిన మరునాడే ఉద్యోగం ఖాయమని చెప్పలేము. సర్కారు పోస్టుల ప్రకటన కోసం ఏళ్ళ తరబడి కోచింగ్ సెంటర్లలో కూర్చున్న పిల్లలున్నారు. ప్రైవేటు కళాశాలలో చేర్చేవారు ఆ కళాశాలకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి గుర్తింపు ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. ఫీజు కట్టాక విచారించి ప్రయోజనం లేదు. ఉద్యోగంలో చేరిన తరువాత కూడా జాబితాలు, సబ్సిడీ నమోదులు, సెల్‌ఫోను ఫోటోలతోనే పొద్దు గడిచిపోతోందని కుర్ర అధికారులు నాతో వాపోతున్నారు. వారి తప్పు కాదు. కాని పొలంలో తిరిగే సమయం లేని వ్యవసాయాధికారి, నాడి చూసే తీరిక లేని వైద్యుని వంటివాడు.

ఇంకా పెద్ద సంగతి ఒకటున్నది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. కాటన్ నీరు పారే నేలలో, నీరుండగా, రైతు తనంతట తాను చేను బీడు పెట్టుకోవడం ఆనకట్ట కట్టిన తరువాత ఎవరూ ఊహించని విషయం. మన డెల్టాలో చేను దున్నేది ఎక్కువగా కౌలు రైతు. పట్టా ఒకరిది, కష్టం మరొకరిది. అప్పు, పంట నష్టపరిహారం పట్టా ఉన్నవారికి అందినంత సులువుగా కౌలు రైతుకు అందవు. మన పెన్షనరు కుటుంబాలలో భూమి కౌలుకిచ్చినవారు తక్కువ కాదు. ఈ మాట ఎవరినీ నొప్పించడానికి కాదు, మన పిల్లలు చదవబోయే చదువుకు ఇదే అసలు పరీక్ష కనుక వ్రాస్తున్నాను. 1902లో ఆపద చెరకు గడలో ఉన్నది, చీల్చితే కనిపించింది. నేటి ఆపద ధరలో, కూలిలో, కౌలులో, అకాల వర్షంలో చెదిరి ఉన్నది. దానిని చీల్చి చూడగలవారు కావాలి.

అందుచేత మిత్రులకు నా సలహా ఇది. మెడిసిన్ రాలేదు కనుక వ్యవసాయం అని పిల్లలను పంపకండి. ఆ మాట వింటూ చేరిన పిల్ల నాలుగేళ్ళూ చిన్నబుచ్చుకొనే చదువుతుంది. చేర్చేముందు ఒక ఆదివారం ఏదైనా చేనుకు తీసుకుపోండి. గట్టు మీద నడవనివ్వండి. అక్కడి రైతుతో మాట్లాడనివ్వండి. బురద చూసి ముఖం తిప్పుకుంటే వేరే చదువు చూడండి, తప్పులేదు. "ఈ ఆకు ఎందుకు ఇలా పసుపుగా ఉంది?" అని పిల్ల తనంతట తాను అడిగితే, నిస్సంకోచంగా చేర్పించండి. ఉద్యోగం ముందో వెనుకో వస్తుంది. ఆ ప్రశ్న అడిగేవారి అవసరం ఈ డెల్టాకు నూట ఇరవై ఏళ్ళ క్రితం ఉన్నది, ఇప్పుడూ ఉన్నది.

మన సభ్యుల మనవలు, మనవరాళ్ళు ఏ చదువు చదివినా వృద్ధిలోకి రావాలని ఆశీర్వదిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

– ఒక విశ్రాంత వ్యవసాయాధికారి, సామర్లకోట